గీతల నోట్సు

ఫ్రెంచివాళ్ళను నేను ఇంతవరకు ఒక్కరిని కూడా దగ్గరనుంచి చూడలేదు. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో తొమ్మిదేళ్ళు ఫ్రెంచి చెప్పి జీతం తీసుకున్నాను. ఈ మాట ఇప్పుడు నాకు నేనే అనుకుని నవ్వుకుంటాను. అప్పట్లో ఇంకెవరైనా అని ఉంటే వాళ్ళ ముఖం చూసేదాన్ని కాదు.

మాది కృష్ణా జిల్లా. పెళ్ళికి ముందు టైపు నేర్చుకుందామని విజయవాడలో ఒకచోటికి వెళితే మిషన్లు ఖాళీ లేవన్నారు. పక్క గదిలో ఒక పెద్దాయన ఫ్రెంచి చెబుతున్నారు. ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళడం ఎందుకని అక్కడ కూర్చున్నాను. ఆరు నెలలకు ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ పెద్దాయన కూడా ఆ భాషను పుస్తకాల్లో చూసి నేర్చుకున్న మనిషే. పెళ్ళయి హైదరాబాదు వచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్టూ, ఆ పాఠ్యపుస్తకమూ పెట్టె అడుగున చీరల కింద పడి నాతోపాటు వచ్చాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పుడు ఇంటర్ కాలేజీలు మేడల మీద ఉండేవి. కింద స్వీటు షాపు, దానిపైన బ్యాంకు, ఆ పైన కాలేజీ, ఇంకా పైన హాస్టలు. ఆ కాలేజీల్లో తెలుగు మానేసి ఫ్రెంచి తీసుకునే అలవాటు బాగా ముదిరిపోయింది. తెలుగులో డెబ్భై వచ్చే పిల్లలకు ఫ్రెంచిలో తొంభై దాటుతాయని తల్లిదండ్రుల నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధమేమీ లేదు. జవాబులు బట్టీ పడితే చాలు, పేపరు మీద రాయడమే తప్ప నోటితో పలకాల్సిన పని లేదు. కాబట్టి కాలేజీలకు ఫ్రెంచి చెప్పేవాళ్ళు కావాలి. ఫ్రెంచి వచ్చినవాళ్ళే కావాలని ఎవరూ పట్టుబట్టలేదు. మా ప్రిన్సిపాల్ గారిదీ మా వైపే, గుంటూరు జిల్లా. నా సర్టిఫికెట్‌ను వెనక్కి తిప్పి కూడా చూడకుండా మర్నాటి నుంచే రమ్మన్నారు.

పిల్లలతో బట్టీ పట్టించడానికి నేనే ఒక పద్ధతి కనిపెట్టాను. ఫ్రెంచి మాటలను తెలుగు అక్షరాల్లో రాయించేదాన్ని. అందులోనూ ముందు ఒకే ముక్క తగిలించుకుని పుట్టిన మాటలన్నిటినీ ఒకచోట చేర్చేదాన్ని. మనం న్యాయానికి ముందు 'అ' పెట్టి అన్యాయం చేసుకున్నట్టే, వాళ్ళకూ మాటకు ముందు నిలబడి అర్థాన్ని తిరగేసే ముక్కలున్నాయి. రాతలో చివర 'న' ఉండి, ముక్కుతో పలికే 'ఏఁ' ఒకటి, 'దేజ్' అని ఒకటి. ఆ ముక్క పూర్తికాగానే ఒక గీత కొట్టాలి. గీతకు ఇవతల ముక్క, అవతల అసలు మాట. ఏఁ/జుస్త్ అంటే అన్యాయమైనది. ఏఁ/కొన్యూ అంటే తెలియనిది. ఏఁ/ఉతీల్ అంటే పనికిరానిది. ఏఁ/ఎగాల్ అంటే సమానం కానిది. దేజ్/ఓర్ద్ర్ అంటే గందరగోళం. ముక్క ఒకసారి వస్తే ఇరవై మాటలు వచ్చేసినట్టే. క్లాసంతా గీత దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మిగతాది ఒక్క గొంతుతో అరిచేవాళ్ళు. కింద బ్యాంకువాళ్ళు రెండుసార్లు పైకి వచ్చి గొడవపెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ అరుపు వింటే కడుపు నిండేది.

పిల్లలు దాన్ని గీతల నోట్సు అనేవాళ్ళు. పై అయిదు మాటల్లో మొదటి రెండింటికే గీత సరైన చోట పడిందనీ, మిగతా మూడింటికీ తప్పనీ వాళ్ళకు తెలియదు. నాకూ తెలియదనే చెప్పుకుంటూ వచ్చాను చాలాకాలం.

నోట్సు ఏటా ఒక పిల్లతో రాయించేదాన్ని. చేతిరాత బాగున్నవాళ్ళను ఎంచుకుని, నేను చెబుతుంటే రాయించి, ఆ కాగితాలు కాలేజీ కింది సందులోని జిరాక్సు షాపులో పెట్టేదాన్ని. అందరూ అక్కడికి వెళ్ళి కాపీలు తీసుకునేవాళ్ళు. తెలంగాణ ఉద్యమం బాగా వేడి మీదున్న ఆ ఏడు ఆ పని ఎల్‌బీ నగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయికి అప్పజెప్పాను. వాళ్ళది నల్లగొండ జిల్లాలో ఏదో పల్లె. తండ్రి విజయవాడ రోడ్డు మీద లారీ నడిపేవాడు. తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఎల్‌బీ నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు. నూనె పెట్టి బిగించిన రెండు జడలతో మొదటి బెంచీలో గోడవైపు కూర్చునేది. రాస్తే అచ్చు వేసినట్టుండేది.

మిగతావాళ్ళకు ఫ్రెంచి అంటే మార్కులు. ఆ పిల్లకు మాత్రం ఫ్రెంచి అంటే ఫ్రెంచే. ఒకరోజు క్లాసయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ దేశంలో చిన్నపిల్లలు కూడా ఇట్లనే గీత కాడ ఆగుతరా మేడమ్ అని అడిగింది. వాళ్ళకు అలవాటైపోతుందిలే అన్నాను. నాకేం తెలుసు వాళ్ళు ఎక్కడ ఆగుతారో. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది గానీ, ఆ జవాబు ఆమెకు చాలలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

ఆ సంవత్సరమే, విదేశీ భాషలు నేర్పే ఒక సంస్థవాళ్ళు ఇంటర్ పిల్లలకు ఫ్రెంచి చదివే పోటీ పెట్టారు. ఒక పేజీ చేతికిస్తారు, పైకి చదవాలి. గెలిచినవాళ్ళకు ఏడాది పాటు ఆదివారాలు ఉచితంగా క్లాసులు. చెప్పేది ఫ్రెంచివాళ్ళే. కాలేజీకి ఒక్కరినే పంపాలి. ఎవరినన్నది ప్రిన్సిపాల్ నాకే వదిలేశారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఆ పిల్ల పేరు రాసిచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే.

పేరు ఇచ్చానని చెప్పినప్పుడు, నిజంగ ఫ్రెంచోళ్ళే చెప్తరా మేడమ్ అని మూడుసార్లు అడిగింది. వారం తిరక్కుండా వాళ్ళమ్మ కాలేజీకి వచ్చింది. మెట్ల దగ్గర నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఎందుకలా చూసిందో నాకు అర్థం కాలేదు. నాలుగు రోజుల తర్వాత ఆ పిల్ల న్యూస్‌పేపరులో చుట్టి ఒక జాకెట్టు తెచ్చిచ్చింది. ఆకుపచ్చది, చేతులకు సన్నటి అంచు. కొలతలు తీసుకోకుండా, కంటితో చూసి కుట్టిన జాకెట్టు. ఎక్కడా ఒక్క దారం లాగకుండా సరిపోయింది.

ఇంతలో సమ్మె వచ్చింది. బస్సులు డిపోలు దాటి బయటికి రాలేదు. కాలేజీలు మూసేశారు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండి, వచ్చినవాళ్ళందరికీ వడ్డించారు. బళ్ళ నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాసుకున్నారు. మా అపార్ట్‌మెంటులో సగం మంది కోస్తా నుంచి వచ్చినవాళ్ళమే. సాయంత్రమైతే మెట్ల దగ్గర చేరి, రేపు మన గతేమిటి, ఉన్న ఫ్లాటు అమ్ముకుని పోవాలేమో అని ఒకరినొకరు భయపెట్టుకునేవాళ్ళం. నిజానికి మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పాలతను పాలు పోస్తూనే ఉన్నాడు, చాకలామె బట్టలు తీసుకెళుతూనే ఉంది. భయం తీరాక మేం చేసే రెండో పని, ఇక్కడివాళ్ళ మాటను అనుకరించి నవ్వుకోవడం. ఏంది, ఎట్ల, గిట్ల అంటూ సాగదీసి నవ్వేవాళ్ళం. అందరికన్నా బాగా అనుకరించేది నేనే. ఆ సంగతి గొప్పగా ఉండేది నాకు.

సమ్మె మొదలైన రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఆ పిల్ల. ఎల్‌బీ నగర్ నుంచి నడిచి వచ్చింది. పాదాలు చీలమండల దాకా దుమ్ము. చున్నీ తలకు చుట్టుకుని ఉంది. చేతిలో ఒక పాత పుస్తకం. ఎదురు ఫ్లాటు ఆవిడ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది.

సంగతి ఏమిటంటే, వాళ్ళ నాన్న కోఠి ఫుట్‌పాత్ మీద ఆ పుస్తకం చూసి బిడ్డకని కొన్నాడట. వెనక అట్టలో సీడీ ఉందట. సమ్మె వల్ల లారీలు ఆగి, తండ్రి ఇంటి దగ్గరే ఉండడంతో, ఇద్దరూ వీధి చివర నెట్ సెంటర్‌కు వెళ్ళి ఆ సీడీ పెట్టించుకుని విన్నారట. ఒకసారి కాదు, నాలుగు రోజులు. ఈ పిల్ల తెల్లకాగితం మీద రాసుకుంటూ విన్నది. ఆ కాగితం మడత విప్పి నాకు చూపించింది.

"మేడమ్, సీడీల గీత కాడ ఆగుత లేరు," అంది. "ఏఁ-ఉతీల్ అంట లేరు. ఇ-ను-తీల్ అంటున్నరు. ఎనక అచ్చు ఉంటె, గా ముక్కల ఉన్న 'న' దాని దిక్కు పోతున్నది. ఏఁ-జుస్త్ మాత్రం మీరు చెప్పినట్టే ఉన్నది."

ప్రాంతాన్ని బట్టి పలుకుబడి మారుతుంది, పాత సీడీలను నమ్మకూడదు అని ఏదో అన్నాను. ఆ పిల్ల వాదించలేదు. తనలో తాను ఆలోచించుకుంటున్నట్టుగా, తల పక్కకు వంచి మెల్లగా అంది.

"మనం సుత గంతే గద మేడమ్. అనవసరం అంటం. అన్, అవసరం అని ఇరగ్గొట్టి అనం. అ-న-వ-స-రం అనే అంటం."

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజమని అప్పుడే తెలిసిపోయింది. ముందు పెట్టిన ముక్క ఎక్కడ అయిపోయిందో నోటికి అక్కర్లేదు. నోరు తన వీలు చూసుకుని, దొరికిన హల్లును పక్కనున్న అచ్చుకు అంటించుకుని ముందుకు పోతుంది. దే-జోర్ద్ర్. ఇ-నే-గాల్. చిన్నప్పటి నుంచీ మన నోళ్ళూ చేస్తున్న పనే. అంత సులువైన సంగతి అన్నేళ్ళలో నాకు తట్టలేదు, ఒక సీడీ చాలింది ఆ పిల్లకు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. పైగా మెట్ల మీద ఆవిడ చిక్కుడుకాయలు వదిలేసి మావైపే చూస్తోంది.

"ముందు తెలుగు సరిగ్గా మాట్లాడటం నేర్చుకో అమ్మా," అన్నాను. "ఫ్రెంచి సంగతి తర్వాత చూద్దాం."

మెట్ల మీద ఆవిడ కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల కాగితాన్ని మళ్ళీ ఉన్న మడతల మీదే మడిచి, పుస్తకంలో పెట్టుకుంది. సరే మేడమ్, పోయొస్త అంది. అంత ఎండలో నడిచి వచ్చిన పిల్లను నేను లోపలికి రమ్మనలేదు, మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. తలుపు వేసుకున్నాక గుర్తొచ్చింది. బాల్కనీలోంచి చూస్తే సందు మలుపు దగ్గర చున్నీ కొస మాత్రం కనిపించింది. పిలిస్తే వినిపించేది.

ఆ సాయంత్రం పెట్టె దింపి విజయవాడ పుస్తకం తీశాను. మాటలను ఎలా విడగొట్టాలో చెప్పే పేజీ ఉంది అందులో. రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లు ఉంటే అది రెండో అచ్చుతో పోతుంది, ముందు ఏ ముక్క తగిలించినా ఇదే లెక్క అని స్పష్టంగా రాసి ఉంది. కింద పెన్సిలుతో గీత. పక్కన నా చేతిరాతలోనే 'పరీక్షకు రాదు' అని ఉంది. ఒకప్పుడు చదివాను, అక్కర్లేదనుకుని వదిలేశాను. తెలియదు అని చెప్పుకోవడానికి కూడా లేకుండా నా రాతే నన్ను పట్టిచ్చింది.

కాలేజీ తెరవగానే క్లాసులో నా తప్పు ఒప్పుకుంటానని గట్టిగా అనుకున్నాను. ఏ మాటలతో చెప్పాలో కూడా అనుకున్నాను. ఈ సంగతి కనిపెట్టింది ఫలానా అమ్మాయి అని చెప్పి, పోటీకి ఇంకా రోజులున్నాయి కాబట్టి తనతో కూర్చుని పేజీలకు పేజీలు చదివించాలనుకున్నాను. అలా అనుకున్నందుకే నేను మంచిదాన్నయిపోయినట్టు రెండు మూడు రోజులు హాయిగా నిద్రపోయాను.

సమ్మె అయిపోయింది. కాలేజీ తెరిచిన మొదటి రోజే ప్రిన్సిపాల్ నుంచి పిలుపు. ఆయన బల్ల మీద గీతల నోట్సు జిరాక్సు కాపీ ఉంది. చాలా మాటలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఒక పిల్ల తండ్రి తీసుకొచ్చాడట. ఆయన బంధువెవరో వేరే ఊళ్ళో పెద్ద చదువుగా ఫ్రెంచి చదువుతోందట, ఈ నోట్సు చూసి ముక్కున వేలేసుకుందట. ఇలాంటి చదువు చెప్పే కాలేజీలో మా పిల్లను ఎలా ఉంచమంటారని ఆ తండ్రి అరిచి వెళ్ళాడట. ప్రిన్సిపాల్ నన్ను ఏమీ అనలేదు. ఏమిటండీ ఇది అని మాత్రం అడిగారు.

ఏమిటో చెప్పడానికి నాకు ఒక్క వాక్యం చాలు. నేనే తప్పు చెప్పానండీ అంటే అయిపోయేది. కాగితం మీదున్న అక్షరాలు మాత్రం నావి కావు.

"నేను చెప్పింది ఇలా కాదండీ," అన్నాను. "ఆ అమ్మాయి రాసుకోవడంలో తప్పులు చేసింది."

ఆయన ఆ పిల్లను పిలిపించారు. వచ్చి గుమ్మం లోపల నిలబడింది. ఇది నువ్వే రాశావా అని అడిగారు. నేనే రాసిన సార్ అంది. మేడమ్ గారు ఇలాగే చెప్పారా అని అడిగారు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. ఆ రోజు నేను వేసుకున్నది వాళ్ళమ్మ కుట్టిన ఆకుపచ్చ జాకెట్టే. పొద్దున తొందరలో ఏది చేతికొస్తే అది వేసుకున్నాను.

"లేదు సార్," అంది ఆ పిల్ల. "నేనే తప్పు రాసిన."

ఆమె వెళ్ళాక ప్రిన్సిపాల్ నిట్టూర్చి, వీళ్ళకు తెలుగే సరిగ్గా రాదు, ఇక ఫ్రెంచి ఎక్కడ వస్తుందండీ అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మాట నేను నా గుమ్మంలో నిలబడి అంతకు ముందే అనేశానని ఆయనకు తెలియదు. పోటీకి ఇంకొకర్ని పంపుదాం, ఆ తండ్రిని కూడా సముదాయించినట్టుంటుంది అంటూ, ఎర్ర సున్నాలు చుట్టి తెచ్చినాయన కూతురి పేరే రాయమన్నారు. నేను కాగితం తీసుకుని రాశాను. చెయ్యి వణికిందని చెబితే బాగుంటుంది గానీ, వణకలేదు.

ఉద్యోగం పోతుందని భయపడ్డాను, రోజులు బాగాలేవు, కోస్తా నుంచి వచ్చినదానికి ఈ ఊళ్ళో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు అని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ గదిలో నేనూ కోస్తాదాన్నే, ఆయనా కోస్తావాడే. ఆయన నన్ను తీసేసే మనిషి కాదు. నాకు పోయేది ఒక పూట పరువు. దాన్ని కాపాడుకోవడానికి పదహారేళ్ళ పిల్ల నోటి ముందరి ముద్ద లాగేశాను.

ఆ వారంలోనే బోర్డు మీద గీతలు జరిపి రాశాను. నోట్సులో తప్పులు పడ్డాయి, ఇలా సరిచేసుకోండి అన్నాను. ఎవరి తప్పో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, నోట్సు ఎవరి చేతిరాతో క్లాసంతటికీ తెలుసు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆ పిల్ల తలొంచుకుని అందరితోపాటు దిద్దుకుంది. పోటీకి వెళ్ళిన అమ్మాయి మొదటి పేజీలోనే తడబడి వెనక్కి వచ్చేసింది. ఇంటర్ అయ్యాక మళ్ళీ ఫ్రెంచి మొహం చూడలేదని విన్నాను. ఈ పిల్ల మాత్రం చదువు ముగిసేదాకా నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కనిపిస్తే నమస్తే మేడమ్ అనేది. నాకు ఆ నమస్తే తప్పించుకోవడానికి స్టాఫ్‌రూము వెనక మెట్లు అలవాటయ్యాయి.

రాష్ట్రం వచ్చింది. మేం భయపడ్డట్టు ఎవరూ ఎక్కడికీ పోలేదు, ఫ్లాట్లు అమ్ముకోలేదు. మెట్ల మీద మీటింగులు పెట్టినవాళ్ళమే ఇంకో అంతస్తు వేసుకున్నాం. నేను ఉద్యోగం మానేశాను. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచాయి, ఎల్‌బీ నగర్ దాకా రైలు నడిచింది. ఆకుపచ్చ జాకెట్టు నాకు పట్టకుండా పోయింది గానీ, బీరువాలోంచి తీసి ఎవరికీ ఇవ్వలేకపోయాను.

నిరుడు వేసవిలో ఎదురు ఫ్లాటు ఆవిడ మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకాలు పట్టుకుని వచ్చింది. ఆంటీ, మీరు ఒకప్పుడు ఫ్రెంచి చెప్పేవారట కదా అని, అనుమానం తీర్చమని ఒక నోట్సు నా ముందు పెట్టింది. జిరాక్సుకు జిరాక్సు తీసి తీసి అక్షరాలు కాస్త లావెక్కాయి. అయినా చూడగానే గుర్తుపట్టాను. ఆ పిల్ల చేతిరాతే. ప్రతి మాటలోనూ పాత గీత మీద వైట్‌నర్ పూసి, సరైన చోట కొత్త గీత కొట్టి ఉంది. మొదటి పేజీ పైన ఒక వరుస: 'మేడమ్ చెప్పిన ప్రకారం సరిచేసినది.'

నేను బోర్డు మీద దిద్దించిన తర్వాత ఎప్పుడో, షాపులో ఉన్న అసలు కాగితాలను కూడా దిద్ది ఉంటుందనుకున్నాను. అలా అనుకున్నా సిగ్గుగానే ఉంది. రెండు రోజులు ఆగి, ఇక ఉండబట్టలేక మూడో రోజు ఆ సందుకు వెళ్ళాను. షాపు అక్కడే ఉంది. అప్పటి మనిషే, జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. ఆ నోట్సు అసలు కాగితాలు చూడొచ్చా అని అడిగితే, పాత ఫైలు ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు. నోట్సు చాలా బాగుందే, ఎవరు రాశారు అన్నాను, ఏమీ తెలియనట్టు. అతనికి ఆ రోజు బేరం లేదేమో, చెప్పుకుంటూ పోయాడు.

"ఒక పిల్ల రాసింది మేడమ్. సమ్మెల బస్సులు బందున్నప్పుడు ఎల్‌బీ నగర్ నుంచి నడుసుకుంట ఒచ్చింది. నేను సగం షట్టర్ ఏసుకొని కూసున్న. వైట్‌నర్ ఉన్నదా అన్నది. గా మూలకు కూసొని అన్ని పేజీలు దిద్దింది. చేసిన తప్పు ఎందరి కాడికి పోతదో అన్కుంట దిద్దింది."

సమ్మెలో అంటే, కాలేజీ తెరవక ముందు. నా గుమ్మం దిగి, ఎల్‌బీ నగర్ వెళ్ళకుండా, ఇటు వచ్చిందన్నమాట. ప్రిన్సిపాల్ గదిలో నిలబడినప్పటికే ఆ కాగితాలు ఇక్కడ సరిచేసి ఉన్నాయి. కింద సందులో షాపు, పైన మా కాలేజీ. ఆ పిల్ల ఒక్క మాట చెప్పి తెప్పిస్తే, అందరికన్నా ముందే తప్పు దిద్దింది తనేనని ఆ బల్ల మీదే తేలిపోయేది.

మరి మేడమ్ చెప్పిన ప్రకారం అని ఎందుకు రాసింది అని అడిగాను.

"నేనూ గదే అడిగిన," అన్నాడు. "మేడమ్ చెప్పిందంటెనే అందరు నమ్మి దిద్దుకుంటరు, నేను చెప్పిన అంటే ఎవరు ఇనరు అన్నది."

ఆ అమ్మాయి ఇప్పుడు హయత్‌నగర్‌లో ఏదో కాలేజీలో ఫ్రెంచి చెబుతోందట. ఏటా జూన్‌లో, కాలేజీలు తెరిచే రోజుల్లో, ఇక్కడికి వచ్చి పాత కాగితాలు చూసుకుని, కొత్త మాటలు ఒకటి రెండు పేజీలు కలిపి పోతుందట. ఆరు పేజీల నోట్సు ఇరవై దాటింది. ఆ ఒక్క వరుస మాత్రం తీయలేదు. ఫైలు మూస్తూ అతను, గా మేడమ్ ఎవరో మీకెర్కేనా అని అడిగాడు.

తెలియదన్నాను.

ఒచ్చే నెల ఒస్తది, మీ నంబరు రాసిస్తే ఫోన్ చేపిస్త అన్నాడు. అనవసరంగా ఆ అమ్మాయికి శ్రమ ఎందుకులెండి అని బయటపడ్డాను.

ఆ జూన్ వెళ్ళిపోయింది. ఇది రాస్తున్నది మళ్ళీ జూన్‌లోనే. కాలేజీలు తెరిచారు. ఆ షాపు మా ఇంటికి పది నిమిషాల నడక, మధ్యలో నీడ కూడా ఉంది. ఇవాళ పొద్దున తయారై, చెప్పులు వేసుకుని, మెట్లు దిగాను. ఎదురు ఫ్లాటు ఆవిడ కింద గేటు దగ్గర నిలబడి ఉంది. ఎక్కడికి ఇంత పొద్దున్నే అని అడిగింది. కూరగాయలకని చెప్పాను. చెప్పినందుకు మార్కెట్టుకే వెళ్ళి, అరకిలో బెండకాయలు కొనుక్కుని ఇంటికి వచ్చేశాను.